ముందుగాల ఆ పేరు మార్చు

దోస్తూ,

ఎట్లున్నవ్? ఇంట్ల అందరు మంచిగున్నరా? నల్లగొండల "ఇస్లాం – నేటి సమాజం" అని బహిరంగ చర్చ పెడ్తున్ననని రాసినవ్. తప్పకుండ పెట్టు. గాని ఆ పేరు మాత్రం ఇయ్యాల్నే కొట్టెయ్యి. అంత పెద్ద పేరు పెడితే ఒకాయన తలాక్ అంటడు, ఇంకొకాయన నిజాం కాలంల జనాన్ని సతాయించిన రజాకార్లను తీస్తడు, మూడో ఆయన పాకిస్తాన్ దాంక పోతడు. వేదిక మీదున్న ముస్లిం అన్నిటికీ ముద్దాయి లెక్క జవాబు చెప్పుకుంట కూసుంటడు. చెడేది అక్కడ్నే.

ఒక్కటే ప్రశ్న తీసుకో. "ఇస్లాంల ఆడోళ్లకు హక్కులున్నయా?" అనేది ప్రశ్న గాదు, నిలదీసుడు. "తలాక్ అయిన ఆడామెకు భరణం ఎట్ల వస్తది?" అంటే పట్టుకోనీకి ఆధారాలుంటయ్. తలాక్ అయినామెకు భరణం ఇయ్యాలన్న 1985 షాబానో తీర్పు, దాన్ని తగ్గించనీకి వచ్చిన 1986 చట్టం, ఆ చట్టాన్ని ఆడోళ్లకు మేలయ్యేటట్టు చదివిన 2001 డేనియల్ లతీఫీ తీర్పు ఉన్నయ్. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టుల అయిదుగురు జడ్జిల్ల ముగ్గురు, ఒక్కపారే అనేటి మూడు తలాక్‌లు చెల్లవన్నరు. 2019ల దానికి మూడేండ్ల దాంక జైలు పెడుతూ చట్టమొచ్చింది. 2017 కేసుల కోర్టుకు పోయిన షాయరా బానో ముస్లిం ఆడామె, ఎదురు వాదించింది ముస్లిం పర్సనల్ లా బోర్డు. ఇది ముందే చెప్తే "వాళ్లు ఇట్ల, మనం అట్ల" అనే మాటకు జాగ దొరకదు. ఇంకోటి, అసోంటి తలాక్‌ను తప్పంటనే చెల్లుతదన్నరు హనఫీలు; మూడింటిని ఒక్కదాని కింద లెక్కేస్తరు అహ్లె హదీస్ వాళ్లు. రెండూ ముస్లింలల్ల వేరే వేరే పాయలే. అందుకే వక్తల్ల ఇద్దరు ముస్లింలన్న ఉండాలె, ఒకరు ఆడామె అయితే ఇంకా మంచిది. ఒక్కల్నే పిలిస్తే ఆ ఒక్క మనిషి మీద మతమంత మోపుతరు.

ఫోన్ల చూసి ఖురాన్ ఆయత్ (వాక్యం) చదివేటోళ్లుంటరు. తొమ్మిదో సూరా (అధ్యాయం) అయిదో ఆయత్ తీసి, "చంపండి" అన్నకాడ ఆపుతరు. ఆరో ఆయత్ల ఆ బహుదైవారాధకుల్లనే ఎవరన్న శరణు అడిగితే ఇచ్చి, భద్రమైన తావుకు చేర్చుమని ఉన్నది. రెండూ కలిపి చదివినంక విమర్శించనీ, అది వాళ్ల హక్కు. సగం చదువుడు మాత్రం ఒప్పుకోకు. ముందటి మూడు ఆయత్‌లు, ఎనకటి మూడు కూడ చదవాలని నియమం పెట్టు. ముస్లిం వక్తల్ని కూడ "ఇస్లాం అంటేనే శాంతి" అని ఒక్క మాటతోని దాటెయ్యనియ్యకు, అడిగినదానికి జవాబు రావాలె.

రజాకార్ల ముచ్చట మన జిల్లాల రాకుంట ఉండదు. వద్దంటే దాస్తున్నరనుకుంటరు. బోర్డు మీద రాసి, దానికి ఇంకో రోజు ఖాయం చెయ్యి. ఆ రోజు దొరతోని కొట్లాడి 1940ల చంపబడ్డ షేక్ బందగీ, రజాకార్లకు ఎదురు రాసినందుకు 1948 ఆగస్టుల హత్యయిన పత్రికాయన షోయబుల్లా ఖాన్, 1952ల హుజూర్‌నగర్ నుంచి ఎమ్మెల్యేగ గెలిచిన కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్ గురించి మాట్లాడకుంట సభ ముగియొద్దు. నిజాం సర్కారును, మతాన్ని ఒక్క ముద్ద చేస్తే వీళ్లు ముగ్గురు ఎటు పోవాలె?

మనోళ్లతోని ఇంకో చిక్కున్నది. దర్గా ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కినం, పీర్ల పండుగల ఎగిరినం, ఇస్లాం మాకు తెల్వదా అంటరు. ఆ ప్రేమ నిజం. గాని పీర్లెత్తుడు సరిగాదనేటి ముస్లింలు కూడ ఉన్నరు, వాళ్ల మాటా వినాలె.

సాయంత్రం ఆరింటికి పెట్టకు. పొద్దుగూకంగ చేసే మగ్రిబ్ నమాజ్‌కు లేచి పోతుంటే, మాట నచ్చక పోతున్నరని మిగిలినోళ్లు అనుకుంటరు. ఆదివారం పొద్దుగాల పదిన్నర నుంచి పన్నెండున్నర మంచిది. సభికులకు మైకియ్యకు. కాగితం నాలుగు తునకలు చేసి పంచు, ప్రశ్న రాసిస్తే చర్చ నడిపేటాయన చదువుతడు. "మీరు", "మీవోళ్లు" అని ఉన్న చీటీని వాపసిచ్చి మళ్ల రాయించు. జవాబిచ్చేటాయన ముందుగాల ఎదుటాయన ఏమన్నడో చెప్పాలె, ఆయన "అవును, గదే అన్న" అన్నంకనే తన మాట. మొదట్ల అందరికీ ఇసుగొస్తది, రెండు పార్లు నడిస్తే గొంతులు వాటంతటవే దిగుతయ్.

వీడియో మొత్తం నువ్వే తీపియ్యి. లేకుంటే ముప్పై సెకండ్ల ముక్క ఒకటి వాట్సాప్‌ల తిరుగుతది, ముందూ ఎనుకా ఏమన్నరో చూపించనీకి నీ దగ్గర ఏముండదు.

ఆ హాల్ల మైకులెన్ని ఉన్నయో చూసి రాయి. వక్తలందరి మైకులూ ఒక్క స్విచ్చుతోని బందయితయో లేదో కూడ అడుగు.

నీ దోస్తు