కార్పేథియాకూ అరపేజీ ఇవ్వండి

సంపాదకులకు,

ఏటా ఏప్రిల్‌లో టైటానిక్ గురించి వ్యాసాలొస్తాయి. టైటానిక్‌లో బతికినవాళ్లను కాపాడిన ఓడ కార్పేథియాకు ఒక్క వాక్యంతో సరి. ఓడ ఇంజన్ గదుల్లో పనిచేసినవాణ్ణి, నాకది బాధగా ఉంటుంది. 1903లో లివర్‌పూల్ నుంచి బోస్టన్‌కు తొలి ప్రయాణం చేసిన ఈ కునార్డ్ కంపెనీ ఓడ హంగులకు పోయింది కాదు. అడుగున శీతల గదుల్లో సరుకు, పైన మామూలు జనం. తర్వాత యూరప్‌లోని ఫ్యూమే, ట్రియెస్టె రేవుల నుంచి వలస కుటుంబాలను న్యూయార్క్ చేర్చింది.

1912 ఏప్రిల్ 15న అర్ధరాత్రి దాటాక, టైటానిక్ ఆపదలో ఉందన్న కబురు అందగానే, కార్పేథియా కెప్టెన్ రోస్ట్రన్ గదులకు వెళ్లే వేడినీ, వేణ్నీళ్లనూ ఆపించి ఆవిరంతా ఇంజన్లకే మళ్లించాడు. అదనంగా బొగ్గు వేసేవాళ్లను కొలుముల దగ్గరికి దింపాడు. ఆ వేడిలో పార పట్టడమంటే ఏమిటో నాకు తెలుసు. టైటానిక్‌లోని 700 మందికి పైగా బతికారంటే వాళ్ల చలవే.

1918 జూలై 17న జర్మన్ జలాంతర్గామి యూ-55 దాన్ని ముంచేసింది. ఐదుగురు సిబ్బంది పోయారు. వచ్చే ఏప్రిల్‌లో ఆ ఓడ కథ వేయండి.

– ఒక విశ్రాంత మెరైన్ ఇంజనీర్