సెలవులు మమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్లవు, బడే తీసుకెళ్లాలి: విద్యాశాఖ మంత్రి గారికి ఒక విద్యార్థిని బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బాపట్ల జిల్లాలో రేపల్లెకు దగ్గరగా ఉన్న ఒక పల్లెలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా ఉపాధ్యాయులు మమ్మల్ని బాగా చూసుకుంటారు, మధ్యాహ్నం అన్నం వేడిగా పెడతారు, బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి పిలుచుకొస్తారు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే. ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పది వరకు ప్రతి తరగతి పిల్లలనూ ఏడాదికి ఒక్క రోజు, దాన్ని బడి పనిదినంగానే లెక్కవేసి, సొంత జిల్లాలోనో పక్క జిల్లాలోనో ఉన్న ఒక మంచి చోటికి తీసుకెళ్లి చూపించే ఏర్పాటు చేయించండి.

ఈ కోరిక నాకు ఎలా పుట్టిందో చెబుతాను. మేము ఏడో తరగతిలో ఉండగా ఒక శనివారం మా సోషల్ మాస్టారు మమ్మల్ని వరుసగా నిలబెట్టి, కాలవ కట్ట వెంట నడిపించుకుంటూ, ఊరి చివర కాలవ నీళ్లను ఆపి వదిలే లాకుల దగ్గరికి తీసుకెళ్లారు. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. చిన్నప్పటి నుంచి ఆ లాకుల మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను గానీ అక్కడ ఆగి చూసింది మాత్రం ఆ రోజే. లాకుల దగ్గర పనిచేసే లస్కరు తాత నీళ్లలో నిలబెట్టిన రాతి మీది అంకెలు చూపించి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు ఏ అంకె దాకా వచ్చాయో చూసి పుస్తకంలో రాస్తానని చెప్పాడు. తర్వాత షట్టరు ఎత్తే ఇనుప చక్రం తిప్పమని మా తరగతి అబ్బాయిలిద్దరిని పిలిచాడు. వాళ్లు చెమటలు పట్టేదాకా తిప్పినా షట్టరు బెత్తెడు కూడా లేవలేదు. అప్పుడు తాత, చాలా చుట్లు తిప్పితే కొంచెం లేస్తుందని, చక్రం అలా ఉండబట్టే ఈ వయసులో తనొక్కడే అంత బరువు పైకి తీయగలుగుతున్నాడని చెప్పాడు. ఆ తర్వాత సైన్సు పీరియడులో యంత్రాల గురించి ప్రశ్న వచ్చినప్పుడు, ఏనాడూ చెయ్యెత్తని ఆ అబ్బాయిలలో ఒకడు లేచి, తక్కువ బలంతో ఎక్కువ బరువు ఎలా లేస్తుందో చేతులు తిప్పుతూ చెప్పాడు. మేడం అతన్ని రెండోసారి కూడా చెప్పించుకున్నారు. మా తరగతిలో అంతకు ముందెప్పుడూ అలా జరగలేదు.

ఆ రోజు లాకుల దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. ఈ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయని మాస్టారు అడిగితే, విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ నుంచని అందరం ఒక్కసారే చెప్పాం. కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయిందని, అది 1952లో తెగిపోయిందని, 1957లో బ్యారేజీ సిద్ధమైందని కూడా చెప్పగలిగాం. అయితే బ్యారేజీ చూసిన వాళ్లు చేతులెత్తండి అన్నప్పుడు నలభై ఒక్క మందిలో తొమ్మిది చేతులే లేచాయి. ఆ తొమ్మిది మందిలోనూ ఎక్కువమంది దుర్గమ్మ గుడికి వెళ్తూ బస్సు కిటికీలోంచి చూసినవాళ్లే. మేము తినే అన్నం ఆ నీళ్లతో పండిందే, అయినా ఆ నీళ్లు ఏ చోట మలుపు తిరిగి మా కాలవలోకి వస్తున్నాయో మాలో చాలామంది చూడలేదు.

సెలవుల్లో చూడొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మా సెలవులు ఎలా గడుస్తాయో మీకు తెలియాలి. వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ 24న మొదలై, జూన్ 12న బడి తెరిచేదాకా ఉంటాయి. మొదటి వారం అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గడుస్తుంది, అది నాకు చాలా ఇష్టం. ఆ తర్వాత మా ఇళ్లలో పెద్దవాళ్లు మొక్కజొన్న కండెలు విరవడానికో, నిమ్మకాయలు కోయడానికో తెల్లవారుజామునే వెళ్లిపోతారు. నాలాంటి ఆడపిల్లలు ఇంట్లో ఉండి అన్నం వండి, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకుంటారు, కొందరు అమ్మలతో పాటు పొలానికే వెళ్తారు. ఇది కష్టంగా ఉందని చెప్పడం నా ఉద్దేశం కాదు, అమ్మకు సాయం చేయడం నాకు ఇష్టమే. కానీ కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని పిల్లలకు ఊళ్లు చూపించే వీలు మా నాన్నకు లేదు. అబ్బాయిలు సైకిలేసుకుని సముద్రం దాకా వెళ్లి వస్తారు. ఆడపిల్లను అమ్మమ్మ ఊరికి, ఆసుపత్రికి, గుడికి తప్ప ఇంకెక్కడికీ పంపరు. అదే బడి తరఫున మాస్టార్లు, మేడం కలిసి తీసుకెళ్తున్నారంటే మా ఇంట్లో ఒక్కమాట కూడా అడ్డు చెప్పరు. మాకు ఊరు దాటి చూసే దారి బడి ఒక్కటే. అందుకే ఆ ఒక్క రోజు సెలవుల్లో కాకుండా పనిదినాల్లోనే ఉండాలని మరీ మరీ అడుగుతున్నాను.

తుపాను సెలవుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు బడులకు సెలవులిచ్చారు. కోసిన వరి చేలోనే నీళ్లలో మునిగింది. తడిసిన ధాన్యం మొలకెత్తకుండా పట్టాల మీద పరిచి, ఎండ వచ్చినప్పుడల్లా కాళ్లతో నెరపడంతోనే మాకు ఆ రోజులన్నీ గడిచాయి. ఆ తర్వాత పోయిన పనిదినాలకు బదులుగా రెండో శనివారాలు బడికి వచ్చాం. పాఠాలు పూర్తి కావాలి కాబట్టి అది సరైనదే. అలా బదులు రోజులు లెక్కగట్టి సర్దగలిగిన పట్టికలో చూసి నేర్చుకోవడానికి ఒక్క రోజు చోటు దొరకదంటే నాకు నమ్మకం కలగడం లేదు. జాతీయ విద్యావిధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు బ్యాగు లేకుండా చేతిపనులు నేర్పాలనీ, చారిత్రక స్థలాలు చూపించాలనీ చెప్పిందని మా మాస్టారు చదివి వినిపించారు. మా బడిలో బ్యాగు లేని రోజున పాటలు, ఆటలు, బొమ్మలు వేయడం ఉంటాయి. అవి మాకు ఇష్టమే, కానీ అవన్నీ బడి గోడల లోపలే జరుగుతాయి.

మాకు అన్నిటికన్నా చూడాలని ఉన్నది భట్టిప్రోలు. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు ఆగే స్టేషన్లలో అదొకటి. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో తవ్వకాలు జరిపినప్పుడు బుద్ధుడి ధాతువులు, అంటే అస్థికలు, ఉంచిన రాతి బరిణెలు దొరికాయి. వాటి మీద, మన తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మీ లిపిలో చెక్కిన అక్షరాలు దక్షిణ భారతంలో దొరికిన అతి పాత రాతల్లోవి. వాటిలో కుబేరకుడనే రాజు పేరు ఉంది. మన తెలుగు లిపి కథ చెప్పేవాళ్లు భట్టిప్రోలు పేరు తలవకుండా ముందుకు వెళ్లరు. ఈ పాఠం చెప్పిన రోజున మా తెలుగు మాస్టారు బోర్డు మీద లెక్కల్లో వేసే కూడిక గుర్తు వేసి, ఇదేమిటని అడిగారు. ప్లస్ అన్నాం. ఇది బ్రాహ్మీలో 'క' అన్నారు. ఆ మధ్యాహ్నమంతా మేము నోటు పుస్తకాల వెనక పేజీల్లో కూడిక గుర్తులే రాసుకున్నాం. మా తరగతిలో కమల అనే పేరున్న అమ్మాయి తన పేరంతా అలా రాయించుకుని, దాన్ని కంపాసు పెట్టె లోపల అతికించుకుంది. అంత పాత అక్షరాలు దొరికిన చోటు ఇంత దగ్గరలో ఉందని తెలిశాక, ఎప్పుడు వెళ్దామని మాస్టారిని అడిగాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. అనుమతి రావాలమ్మా అన్నారు.

ఆయన భయం నాకు తర్వాత అర్థమైంది. 2014 జూన్‌లో హైదరాబాదు నుంచి హిమాచల్‌ప్రదేశ్ వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగింది. అలాంటివి విన్న ప్రధానోపాధ్యాయులు పిల్లలను గేటు దాటించడానికి వెనకాడటంలో తప్పులేదు. ఏదైనా జరిగితే మొదట వాళ్లనే అడుగుతారు. అందుకే వాళ్ల ధైర్యం మీద వదిలేయకుండా ప్రభుత్వమే స్పష్టమైన నియమాలు రాసి ఇవ్వాలి. నీళ్లలోకి దిగకూడదని, పడవ ఎక్కితే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలని, చీకటి పడేలోగా ఊరికి చేరాలని, ఆడపిల్లలున్న బస్సులో తప్పకుండా ఒక మేడం ఉండాలని రాయండి. ఆ నియమాలు పాటించిన ఉపాధ్యాయుడికి ప్రభుత్వం అండగా ఉంటుందని కూడా అదే కాగితం మీద రాయండి. అనుమతి కోసం దరఖాస్తు జిల్లా కేంద్రం దాకా తిరగకుండా, మండల విద్యాశాఖాధికారి దగ్గరే తేలిపోయేలా చూడండి.

డబ్బు సంగతి కూడా ఆలోచించాను. గుంటూరులో ప్రైవేటు స్కూల్లో చదివే మా పిన్ని కూతురు నిరుడు మూడు రోజులు హైదరాబాదు వెళ్లొచ్చింది. డబ్బు కట్టలేని పిల్లలు ఆ మూడు రోజులూ ఇంట్లోనే ఉన్నారని తనే చెప్పింది. మాకు అలాంటి యాత్ర వద్దు. తరగతిలో ఒక్కరు మిగిలిపోయినా అది బడి యాత్ర కాదని నా అభిప్రాయం. అందుకే పిల్లల దగ్గర పైసా వసూలు చేయకుండా, బస్సు ఖర్చు ప్రభుత్వమే భరించాలని కోరుతున్నాను. కేంద్ర పురావస్తు శాఖ టిక్కెట్టు పెట్టిన చోట్ల కూడా పదిహేనేళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితమే. మాలో చాలామందికి ఇంకా పదిహేనేళ్లు నిండలేదు. వచ్చే ఏడాదికి నిండుతాయి, పదో తరగతి కూడా వస్తుంది. అప్పుడు దసరాకూ సంక్రాంతికీ ప్రత్యేక తరగతులుంటాయని అక్కలు చెబుతున్నారు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులైనా పదో తరగతి పిల్లలకు వదిలేయమని కూడా ఈ లేఖలోనే మనవి చేస్తున్నాను.

ఈ లేఖ రాస్తున్నట్టు తెలిసి మా తరగతి వాళ్లంతా కూర్చుని లెక్క చూశారు. నలభై ఒక్క మంది పిల్లలకు, ముగ్గురు ఉపాధ్యాయులకు ఒక పల్లెవెలుగు బస్సు సరిపోతుంది. పొద్దున తొమ్మిదికి బయలుదేరితే భట్టిప్రోలు స్తూపం చూసి, అక్కడే కూర్చుని పాఠం విని, బడి వదిలే వేళకు తిరిగి రావచ్చు. భోజనం వండే ఆయమ్మలు ఆ రోజుకు పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు కట్టిస్తామన్నారు. అమ్మానాన్నల సంతకాలు మేము రెండు రోజుల్లో తెస్తాం. ఇక రావలసింది మీ దగ్గరి నుంచి ఒక ఉత్తర్వు మాత్రమే.

ఇట్లు
మీ విధేయురాలు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల,
బాపట్ల జిల్లా