కెమెరా వెళ్లలేని చోటికి

శ్రీకాకుళం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మా బడి పిల్లలతో నేను తీస్తున్న తాబేలు బొమ్మల సినిమా గురించే కదా. "రెండు నిమిషాల సినిమా కోసం బొమ్మను రవ్వంత జరపడం, ఒక ఫోటో తీయడం, మళ్లీ రవ్వంత జరపడం, ఇదంతా ఎందుకు? కళింగపట్నం ఒడ్డుకు వెళ్లి తాబేలును ఫోనుతో తీస్తే సరిపోయేది కదా" అని అడిగావు. నువ్వు అడిగినదాంట్లో న్యాయం ఉంది. సమాధానం మాత్రం ఫోనులో నాలుగు మాటల్లో తేలేది కాదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. తీరిక చూసుకుని చదువు. చివర్లో నీకు ఒక పని కూడా అప్పగించబోతున్నాను.

మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేలు బతుకులో మనం తప్పక చూడవలసిన ఘట్టాలన్నీ కెమెరా వెళ్లలేని చోట్లే జరుగుతాయి. తల్లి గుడ్లు పెట్టేది రాత్రి చీకట్లో. పిల్లలు పుట్టేది ఇసుక కింద. వలలో చిక్కి చచ్చేది నీటి అడుగున. ఒడ్డుకొస్తున్న తల్లి మీద లైటు వేస్తే గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి తిరిగి వెళ్లిపోవచ్చు. ఇసుక తవ్వి చూశామంటే గుడ్లు పాడవవచ్చు. అప్పుడే బయటపడిన పిల్లల ఎదుట ఫోను వెలిగిస్తే అవి సముద్రాన్ని వదిలి ఆ వెలుగు వెంట పడతాయి. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానంగా, చోటు దక్కిన జీవి ఇది. దాన్ని కాపాడండని చెప్పే సినిమా కోసం దాన్నే అవస్థ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. బొమ్మ తాబేలునైతే ఎంతసేపైనా లైటు కింద ఉంచవచ్చు, దాని గూడును నిలువునా కోసి చూపించవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా బడి పిల్లల్లో చాలామంది బతికున్న సముద్రపు తాబేలును చూడనే లేదు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాటిని చూడనివాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. జనవరి నుంచి మార్చి దాకా, సరిగ్గా తల్లులు గుడ్లు పెట్టడానికి మన తీరం దగ్గరికి వచ్చే రోజుల్లోనే, ఆ కళేబరాలూ వస్తాయి. పుట్టి పెరిగిన ఊరి తాబేలు గురించి పిల్లలకు తెలిసింది ఆ వాసన ఒక్కటే కావడం నాకు చాలా బాధగా అనిపించింది. దాని నడకేమిటో, అది గొయ్యి ఎలా తవ్వుతుందో వాళ్లు తమ చేతులతో నేర్చుకోవాలని పట్టుబట్టాను.

ఇక బొమ్మ సంగతి. పైడిప్పకు కొబ్బరి చిప్ప వాడాం. ఉద్దానం కొబ్బరికి మనకు కరువేముంది! అసలు డిప్ప అటూ ఇటూగా రెండడుగులకు పైగా ఉంటుంది, మన చిప్ప అందులో ఆరో వంతుకు దగ్గరగా వచ్చింది. దాన్ని గాజు కాగితంతో అరగదీసి, కొసన కాస్త కోసుగా చేసి, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు పూశాం. రెండు పక్కలా ఆరేసి పలకలు గీశాం. పలకల డిప్ప ఉన్న మిగతా సముద్రపు తాబేళ్లకు అవి పక్కకు నాలుగో ఐదో ఉంటాయి, దీనికి సాధారణంగా ఆరు, అంతకు మించి కూడా ఉంటాయి. తెరమీద అవి ఎవరూ లెక్కపెట్టరు. అయినా సరే, మన తీరానికొచ్చే తాబేలు మన సినిమాలో వేరే తాబేలుగా కనబడకూడదు.

కాళ్ల దగ్గర పెద్ద చర్చ నడిచింది. పిల్లలందరికీ తెలిసిన తాబేళ్లు శ్రీకూర్మం గుడిలోవి. అవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద బతికేవి, పొట్టి కాళ్లూ గోళ్లూ ఉన్నవి, అలికిడైతే తల లోపలికి లాక్కునేవి. సముద్రపు తాబేలుకు కాళ్లన్నీ తెడ్లే, తలేమో లోపలికి ముడుచుకోలేదు. అంటే వల మీద పడితే దాక్కోవడానికి దానికి తన డిప్ప కూడా పనికిరాదు. ఈ మాట చెప్పాక తరగతి కాసేపు మౌనంగా ఉండిపోయింది. తెడ్లకు అల్యూమినియం తీగ రెండు పేటలుగా మెలిపెట్టి, పైన పాత సైకిలు ట్యూబు ముక్క కత్తిరించి తొడిగాం. మైనపు మట్టితో చేస్తే మన ఎండలకు మెత్తబడి వాలిపోతాయి. తీగ ఎక్కడ వంచితే అక్కడ నిలుస్తుంది, పైగా రబ్బరు తడిసిన చర్మంలా నిగనిగలాడుతుంది.

నడక తీయడం నాకు అన్నిటికన్నా నచ్చిన పని. సెకనుకు 12 ఫోటోలు, నిమిషానికి 720. ముందటి ఫోటోను పలచగా చూపించే ఆప్ ఫోనులో ఉంది కాబట్టి ఎంత జరిపామో కంటికి తెలుస్తుంది. పెద్ద తాబేలు జాతుల్లో కొన్ని ముందు తెడ్లు రెండూ ఒకేసారి వేసి ఒళ్లు ఈడ్చుకుంటాయి. రిడ్లే అలా కాదు, కుడి ముందుది, ఎడమ వెనకది ఒకసారి. ఎడమ ముందుది, కుడి వెనకది ఇంకోసారి. అందుకే ఇసుకలో దాని జాడ రెండు పక్కలా ఒకే తీరుగా ఉండదు, అటూ ఇటూ తప్పుకుంటూ పోతుంది. ఆ జాడను కూడా మేం ప్రతి ఫోటోకూ పుల్లతో దిద్దుకుంటూ వచ్చాం. నేలంతా వదులు ఇసుకైతే చెయ్యి తగిలినప్పుడల్లా రేణువులు చెదిరి తెరమీద ఇసుక పురుగులు పట్టినట్టు కదులుతుంది. అందుకని అట్టమీద ఫెవికాల్ రాసి ఇసుక అంటించేసి, తాబేలు నడిచే దారిలో మాత్రం వదులు ఇసుక పోశాం. మన తీరపు ఇసుకలో ఆ నల్లటి చారలుంటాయి చూడు, బరువైన ఖనిజాల చారలు, అవి కూడా దించాం.

గుడ్లకు పెద్ద సగ్గుబియ్యం. తల్లి వెనక తెడ్లతో గొయ్యి తవ్వే తీరు ఎంత ముచ్చటగా ఉంటుందో! ఒక తెడ్డు దోసిలిలా వంగి ఇసుక తీసి పక్కన పెడుతుంది, రెండోది తన పక్కనున్న ఇసుకను ముందుకు చిమ్ముతుంది, తర్వాత దాని వంతు. మూరెడు లోతు, అడుగున కుండలా వెడల్పు. అందులో నూరు పైచిలుకు గుడ్లు. తర్వాత గొయ్యి పూడ్చి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ కింది డిప్పతో ఇసుకను దబదబా దిమ్మిస్తుంది. ఇది రిడ్లేలకే ఉన్న అలవాటు. ఆ ఊపు తీస్తుంటే మా ఎనిమిదో తరగతి కుర్రాడొకడు తప్పెటగుళ్ల అడుగు పాడుతూ దానికి తగ్గట్టు బొమ్మను ఊపాడు. లయ సరిగ్గా కుదిరింది. అందుకే ఆ చోట తప్పెటగుళ్ల దరువే పెట్టాలని నిశ్చయించాం. మా పక్క ఊరి బృందం ఒప్పుకుంది.

ఇప్పుడు అసలు ఘట్టం, ఇసుక కింద జరిగేది. దీనికోసమే నేను ఈ సినిమా తలపెట్టాను. 45 నుంచి 60 రోజులకు గుడ్లు పగులుతాయి. ఇసుక వేడి 29 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే ఆడా మగా కలిసి పుడతాయి, అంతకన్నా వేడెక్కితే ఎక్కువగా ఆడవే పుడతాయి. ఎండలు ముదిరినకొద్దీ మగ పిల్లలు తగ్గిపోతారన్న భయం అందుకే. పుట్టిన పిల్లలకు ఒంటరిగా బయటికి రావడం చాలా కష్టం. పైనున్నవి కప్పును గోకుతాయి. రాలిన ఇసుక సందుల్లోంచి అడుగుకు జారుతుంది. అడుగునున్నవి దాన్ని తొక్కి గట్టిపరుస్తాయి. కప్పు కరుగుతూ, అడుగు లేస్తూ, పిల్లలతో సహా గది మొత్తం కొద్దికొద్దిగా పైకి ప్రయాణిస్తుంది. కొన్ని రోజుల పని అది. పైపొర వేడిగా తగిలితే అక్కడే ఆగి, చల్లబడ్డాక రాత్రి వేళ బయటపడతాయి. ఇంత పని మన కాళ్ల కింద జరుగుతుంటే దాని మీదుగా నడిచిపోతాం!

దీన్ని తీయడానికి గోతిని నేలమీద పడుకోబెట్టాం. నిలువుగా నిలబెడితే ఇసుక కూలుతుంది, అందుకని బల్లమీద అట్ట పరిచి, గూడును నిలువుకోతగా అందులో అమర్చి, ఫోనును పైనుంచి కిందికి చూసేట్టు బిగించాం. పిల్లల్ని మట్టితో చేశాం, ఒక్కొక్కటి చిక్కుడు గింజంత. ప్రతి ఫోటోకూ కప్పు దగ్గరి నుంచి చిటికెడు ఇసుక తీసి అడుగున పొయ్యాలి. ఆ పని మగపిల్లలకు అందలేదు. రోజూ వాకిట్లో ముగ్గులు వేసే ఇద్దరమ్మాయిలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి రేణువులు లెక్కపెట్టినట్టు జారవిడిచారు. తెరమీద చూస్తే ఇసుక తనంతట తానే రాలుతోందని నువ్వు ప్రమాణం చేస్తావు.

లైట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. కిటికీలన్నిటికీ నల్ల గుడ్డ కట్టాం, లేకపోతే మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ మినుకుమంటుంది. ఫోనులో వెలుతురు, రంగు, ఫోకస్ మూడూ కదలకుండా బిగించాం. తెల్ల చొక్కాలు కూడా వద్దన్నాను, చొక్కామీద పడ్డ వెలుగు బొమ్మమీద తిరిగి పడుతుంది. సముద్రానికి పొందూరు ఖద్దరు పాత పంచె నీలిమందు పెట్టి, అంచుకు దారాలు కట్టి లాగాం. వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకి నేసిన గుడ్డ మళ్లీ నీళ్లయిందని మా డ్రాయింగు మాస్టారు మురిసిపోయారు. తాబేలు పిల్లలు తప్పుదారి పట్టే దృశ్యానికి ఒక చిన్న టార్చి చాలింది. సముద్రంవైపు వెన్నెల ఉంటుంది, ఊరివైపు వీధిదీపం. ఆకాశం ఎటు ఎక్కువ వెలిగితే పిల్లలు అటే. వీధిదీపానికి ఒక రేకు మూత పెట్టి వెలుగు కిందికే పడేట్టు చేస్తే చాలు, తీరం వైపు వెలుగు పోదు. సినిమాలో ఆ మూత పెట్టే చెయ్యి మనిషిదే. బొమ్మల మధ్య కనబడే నిజమైన మనిషి చెయ్యి అదొక్కటే.

వల దగ్గరికి వచ్చేసరికి నాకు దిగులు పట్టుకుంది. ఈ పిల్లల తండ్రులు సముద్రం మీదే బతుకుతున్నారు. ఇక్కడ హార్బర్ లేక సగంమంది గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి ట్రాలర్ల మీద, అంటే సంచిలాంటి వలను ఈడ్చుకుపోయే మరపడవల మీద, పనిచేసి వస్తారు. వాళ్లను దుర్మార్గులుగా చూపించే సినిమాను వాళ్ల పిల్లల చేత తీయించడం అన్యాయం, అది నేను చేయను. అందుకే వేరావల్‌లో చాలా ఏళ్లు చేసిన ఒక తాతను పిలిచాను. దోమతెరతో మేం కుట్టిన వలను చూసి, "నోరు ఇలా ఉండదు మాస్టారూ, రెండు పక్కలా బరువు పలకలుండాలి, అవే నోరు తెరిచి ఉంచుతాయి" అని తానే కూర్చుని మళ్లీ కుట్టాడు. "తాబేలు కావాలని ఎవడూ పట్టడు. వల పైకి లాగేదాకా సంచిలో ఏముందో తెలీదు" అన్నాడు. ఆ మాట ఆయన గొంతుతోనే సినిమాలో ఉంటుంది. తాబేలు చేపలా నీళ్లలో ఊపిరి పీల్చలేదు, గాలికి పైకి రావలసిందే. తీరిగ్గా ఉన్నప్పుడు చాలాసేపు ఊపిరి బిగబట్టగలదు గానీ వలలో పెనుగులాడితే ఆ ప్రాణవాయువు త్వరగా అయిపోతుంది. ట్రాలరేమో గంటల తరబడి వలను ఈడుస్తుంది.

ఆ చావును ఎలా చూపించాలి? మా తొమ్మిదో తరగతి అమ్మాయి బొమ్మను కదుపుతోంది. తెడ్డు కొట్టుకుంటోంది, ప్రతి ఫోటోకూ కొంచెం తక్కువ, ఇంకొంచెం తక్కువ. తర్వాత ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఫోటోలు మాత్రం ఆగలేదు. తీగ తనంతట తాను కదలదు కదా. ఖద్దరు సముద్రం కదులుతోంది, తాబేలు కదలడం లేదు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే దారం లాగింది. నేను ఆపబోతే వద్దంది.

అక్కడితో ముగించడానికి పిల్లలు ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు, ఎందుకంటే దారి లేకపోలేదు. వల గొట్టంలో వాలుగా ఒక ఇనుప చువ్వల చట్రం, దాని దగ్గరే ఒక తలుపు. చేపలూ రొయ్యలూ చువ్వల మధ్యనుంచి సంచిలోకి పోతాయి, తాబేలు చువ్వలకు తగిలి తలుపులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు ఒక నమూనా కూడా చేసింది. తలుపులోంచి చేపలు కొన్ని పోతాయన్నది జాలర్ల గోడు, అది నిజమైన గోడే. ఆ నష్టాన్ని వాళ్ల ఒక్కరి నెత్తినే వేయకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంకొకటి చూడు, మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. అప్పటికి తల్లులు గుడ్లు పెట్టడం దాదాపు పూర్తవుతుంది. పక్కనే ఒడిశాలో ఋషికుల్య లాంటి చోట్ల నవంబరు నుంచి మే దాకా తీరానికి 20 కిలోమీటర్ల లోపల వేట ఆపుతారు. అదే తాబేలు, అదే సముద్రం. సినిమా రెండో ముగింపులో సైకిలు చువ్వలతో చేసిన ఆ చట్రం ఉంది. అదే తాబేలు, అదే వల, ఈసారి బయటపడుతుంది. రెండు ముగింపులూ వరసగా వస్తాయి.

ఇప్పుడు నీ పని. విశాఖ ఫిషింగ్ హార్బర్ నీ ఇంటికి దగ్గరే కదా. తెల్లవారుజామున ట్రాలర్లు బయలుదేరేటప్పుడు ఇంజను చప్పుడు, వల చుట్టే యంత్రం కిర్రుమనే చప్పుడు నాకు రికార్డు చేసి పంపు. వీడియో అక్కర్లేదు. ఫోను మైకు మీద పలచని చేతిరుమాలు కప్పితే గాలి హోరు తగ్గుతుంది. ఒక్కో చప్పుడు కనీసం ఒక నిమిషం, మధ్యలో ఎవరూ మాట్లాడకుండా. ఎందుకు తీస్తున్నావని అక్కడివాళ్లు అడిగితే దాచకు, ఉన్నదున్నట్టు చెప్పు. సినిమా పూర్తవగానే వాళ్లకే ముందు చూపిస్తామని కూడా చెప్పు. ఈ నెలాఖరులోగా పంపితే దరువుతో కలిపి అమరుస్తాం.

అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు