ఫ్రీ అన్న మాట నమ్మి పప్పులో కాలేశాం

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న మీ అందరికీ నమస్కారం.

కొత్త వెర్షన్‌ని హఠాత్తుగా వెనక్కి తీసుకుని "టెక్నికల్ సమస్య" అని మెసేజ్ పెట్టాను కదా, అది పూర్తి నిజం కాదు. సమస్య లైసెన్సుది, తప్పు మాది.

బిల్లుని పీడీఎఫ్ చేసే భాగాన్ని బయట ఒకతనితో రాయించాం. అతను ఇంకొకరి లైబ్రరీ, అంటే వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్, తెచ్చి అతికించాడు. అడిగితే "ఓపెన్ సోర్స్ సార్, కాపీరైట్ ఉండదు, ఫ్రీ" అన్నాడు. మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. మూడోది నాకు అర్థమైన అర్థంలో కాదు. ఓపెన్ సోర్స్‌కీ, అంటే కోడ్ అందరికీ తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్‌కీ, కాపీరైట్ ఉంటుంది. అది ఉండబట్టే రాసినవాళ్లు షరతులు పెట్టగలుగుతున్నారు. నేనూ తక్కువ తినలేదు లెండి. ఆ ఫోల్డర్‌లో "కాపీయింగ్" అనే ఫైల్ కళ్లారా చూసి, కాపీ చేసుకునే పద్ధతేదో రాశారనుకుని మూసేశాను. అందులో ఉన్నది ఆ కోడ్‌ని ఏ షరతుల మీద వాడుకోవచ్చో చెప్పే జీపీఎల్ అనే లైసెన్సు, 2007లో వచ్చిన మూడో వెర్షన్, 600కు పైగా లైన్లు.

లైబ్రరీ రాసినాయన మర్యాదగా మెయిల్ పెట్టాకే దాన్ని చదివాను. అమ్ముకోవద్దని జీపీఎల్ అనదు. ఆ కోడ్ కలిపి చేసిన ప్రోగ్రాం ఎవరికి ఇస్తే వాళ్లకి మొత్తం సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్, అదే లైసెన్సు కింద ఇవ్వాలంటుంది. షరతు తప్పితే ఆ కోడ్ పంచే హక్కు పోతుంది. మొదటి తప్పయితే, నోటీసు అందాక 30 రోజుల్లోపు సరిదిద్దుకుంటే పోయిన హక్కు తిరిగి వస్తుంది.

ఆ 30 రోజుల్లో 26 నిద్ర లేకుండానే గడిచాయి. లైబ్రరీ తీసేసి తిరగరాయడం మాకు వారం పని. "చడీచప్పుడు లేకుండా తీసేయండి, ఎవరడుగుతారు" అని తెలిసినవాళ్లందరూ చెప్పారు. మరి అప్పటికే మీ కంప్యూటర్లలోకి వెళ్లిన కాపీల సంగతి? ఇటు చూస్తే, పన్ను లెక్కల్లో పైసల తేడా రాకుండా రౌండ్ చేసే కోడ్ ఉంది. దాని మీద నెలల తరబడి కూర్చున్నాను. అది పోటీవాళ్ల ముందు పరవాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. కానీ మా ప్రోగ్రాంని ఎవరైనా దొంగతనంగా కాపీ చేస్తే కారాలు మిరియాలు నూరేవాణ్ణి నేనే. ఇంకొకరి షరతు దాటేసి రేపు ఏ మొహంతో అడగను? మొత్తం కోడ్ జీపీఎల్ కింద తెరిచేశాను. భయపడి మాత్రం కాదు.

"ఇక ఫ్రీయే కదా, డబ్బులెందుకు?" అని అప్పుడే ఫోన్లు. ఇంగ్లిష్‌లో ఒకే మాటగానీ మనకి ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. మీకు దక్కింది రెండోది: కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. మీరు కట్టేది సపోర్టుకి, అప్‌డేట్లకి. ఆ కోడ్‌ని సొంతంగా కంపైల్ చేసుకుని, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చుకుని, వాడేవాళ్లకి అడ్డు చెప్పం, ఫోన్ మాత్రం ఎత్తం.

మా పేరు, లోగో ట్రేడ్‌మార్క్ కిందకి వస్తాయి, అవి ఎవరికీ ఇవ్వలేదు. మా బ్రోచర్‌లో "పేటెంట్ పొందిన లోగో" అని ఉండేది, సిగ్గుపడి తీసేశాం. పేటెంట్ ఇచ్చేది ఆవిష్కరణకి, బొమ్మకి కాదు.

మీ బిల్లులకీ ఖాతాలకీ ఈ లైసెన్సుతో సంబంధం లేదు. తెరిచింది మా కోడ్, మీ లెక్కలు కాదు.

ఆ పీడీఎఫ్ అతను ఇప్పటికీ "అనవసరంగా టెన్షన్ పడ్డారు సార్" అంటున్నాడు. అతనికి ఇక పని ఇవ్వను. కొత్త వెర్షన్ సోమవారం దించుకోవచ్చు. కాపీయింగ్ ఫైల్ పైనే కనిపిస్తుంది.