చిన్నోడికి, విజయనగరం నుంచి

చిన్నోడా,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలికి తైలం రాస్తున్నాం, కొంచెం నయమే. అప్ప రాజాం నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చి వెళ్ళింది. మన మైక్ సెట్టు కొట్టు ముందు మళ్ళీ కాలువ తవ్వి వదిలేశారు. హారన్లు బయటికి తియ్యాలంటే బల్ల వేసుకుని దాటాల్సి వస్తోంది.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోన్లో నువ్వు "ఊఁ", "సరే నాన్నా" తప్ప ఇంకో మాట అనవు. ఈమధ్య అదీ లేదు. బొబ్బిలి బావ పెళ్ళిలో కనబడి, నువ్వు ఆ డబ్బింగ్ స్టూడియో మానేసి ఎవరో కొత్త డైరెక్టర్ దగ్గర చేరావని చెప్పాడు. వాడి మాటల్లో సగం గాలేనని నాకు తెలుసు. అందుకే నేనేమీ అడగడం లేదు.

వేరే సంగతి చెబుతా. మొన్న రాత్రి టీవీలో 'శంకరాభరణం' వేశారు. అమ్మ సోమయాజులుగారిని చూస్తూ కూర్చుంది. నాకు మాత్రం విశ్వనాథ్‌గారు గుర్తొచ్చారు. లోకానికి ఆయన పెద్ద డైరెక్టరు, మా మైక్ సెట్టువాళ్ళకి మొదట సౌండు మనిషి. రేపల్లెలో పుట్టి, గుంటూరులో బీఎస్సీ చదివి, మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో చేరారు. వాళ్ళ నాన్నగారూ వాహినీలోనే పనిచేసేవారు. టేపులు రాకముందు శబ్దాన్ని వెలుగుగా మార్చి ఫిలిం మీదే ముద్రించేవారు. ల్యాబులో కడిగి ప్రింటు వేసేదాకా ఏం రికార్డయిందో మళ్ళీ వినే దారే లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడు విన్నదే విన్నది. నువ్వేమో కంప్యూటర్లో గీతలు చూస్తూ వెనక్కి తిప్పి ఎన్నిసార్లయినా వింటావు. వింటున్నావో, అదీ మానేశావో.

అక్కడి నుంచి ఆయన డైరెక్టర్ ఆదుర్తి సుబ్బారావుగారి దగ్గర చేరి, ఆయన వెనక ఏళ్ళకేళ్ళు పనిచేశారు. 1965లో గానీ డైరెక్టరుగా మొదటి సినిమా 'ఆత్మగౌరవం' చేతికి రాలేదు. పుట్టింది 1930లో. లెక్క నువ్వే వేసుకో. 'శంకరాభరణం' వచ్చింది 1980లో, ఫిబ్రవరి 2న. 2023లో మళ్ళీ అదే ఫిబ్రవరి 2న ఆయన పోయారు. నీకింకా ఇరవై ఏడు నిండలేదు. తొందర దేనికని అంటున్నానంతే, ఉపన్యాసం కాదు.

సోమయాజులుగారు మన శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం మనిషి కదా. డిప్యూటీ కలెక్టరుగా ఉండగానే ఆ వేషం కట్టారు. నాటకం ఆడారు, ఉద్యోగమూ చేశారు. ఇది ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు, మళ్ళీ చెప్పను.

నీకు చీపురుపల్లి అవతల హరిశ్చంద్ర నాటకం గుర్తుందా? నీకప్పుడు పదో, పదకొండో. సీతం రాలేనన్నాడని నిన్ను ఆంప్లిఫయర్ దగ్గర కూర్చోబెట్టాను. జనరేటర్ మోత, దానికి తోడు హార్మోనియం మైకుకి మరీ దగ్గర. కమిటీవాళ్ళు ఒకటే గోల, సౌండు పెంచు, పెంచు అని. పెంచితే మైకు కూత పెడుతుంది. నేను స్తంభం ఎక్కి హారన్ మొహం పక్కకి తిప్పుతున్నాను. కాటి సీను వచ్చింది. చంద్రమతి కొడుకు శవం మీద పడి ఏడుస్తోంది. ఉన్నట్టుండి హారన్లోంచి గొంతు సగానికి పడిపోయింది. వైరు ఊడిందనుకుని గబగబా దిగాను. చూస్తే నువ్వు నాబ్ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నావు. జనమంతా మాటలాపి ముందుకి వంగారు. పల్లీలమ్మేవాడు కూడా కేక ఆపేశాడు. ఏమిట్రా ఇది అంటే, "ఏడుపు అంత గట్టిగా ఎందుకు నాన్నా" అన్నావు. తెల్లారాక కమిటీవాళ్ళు మైకు పనిచెయ్యలేదని రెండొందలు కోసి ఇచ్చారు. నేను అరిచి చూశాను, ఇవ్వలేదు. ఆ రెండొందలూ నీ ఖాతాలోనే ఉన్నాయి.

తర్వాతెప్పుడో విశ్వనాథ్‌గారి 'సిరివెన్నెల' మళ్ళీ చూస్తుంటే ఆ రాత్రి గుర్తొచ్చింది. హీరోకి చూపు లేదు, వేణువు వాయిస్తాడు. అమ్మాయికి మాట రాదు. ఆ వేణువు వాయించింది హరిప్రసాద్ చౌరాసియా. సౌండు గదిలో కూర్చుని వచ్చినవాడికి కాక అలాంటి కథ ఎవరికి తడుతుంది? ఇది నా ఊహే. కానీ మైకు పట్టుకున్నవాడి ఊహ. అంత పేరొచ్చాక కూడా సెట్లో ఆయన ఖాకీ బట్టలే వేసుకునేవారు. నువ్వేమో ఉద్యోగం వచ్చిన నెలకే నల్లద్దాలు కొన్నావు. అప్ప ఫోటో చూపించింది.

అమ్మ అడగమన్నవి రాస్తున్నాను, నావి కావు. ఆ కొత్తాయన జీతం ఇస్తాడా, సినిమా అయ్యాక చూద్దాం అంటాడా? కాయితం మీద రాసిచ్చాడా? పాతచోట పీఎఫ్ డబ్బులు తీశావా, ఉంచావా? తియ్యకు. అద్దెకి ఇబ్బందైతే పదో తారీకు దాకా ఆగకుండా ముందే చెప్పు. సిరిమాను పండగకి కొట్టుకి బేరాలున్నాయి, సర్దగలను. మానేసినా ఇంట్లో నిన్నెవరూ ఏమీ అనరు. బావ నోటితో వినడమే బాగాలేదు. రాత్రుళ్ళు హెడ్‌ఫోన్ పెట్టుకునే నిద్రపోతున్నావట, అది మాత్రం మానెయ్. చెవులు పాడైతే సౌండుకీ పనికిరావు, డైరెక్షన్‌కీ పనికిరావు.

బస్సు కార్గోలో డబ్బా వేశాను. మాగాయ, కందిపొడి, అడుగున పలాస జీడిపప్పు కిలో. రూమ్మేట్లకి పెట్టు, మొత్తం కాదు. మూత గట్టిగానే బిగించాను కానీ తలకిందులుగా పట్టుకోకు, నూనె కారుతుంది. తీసుకునేటప్పుడు ఆధార్ అడగొచ్చు. డబ్బా ఖాళీ అయ్యాక పారెయ్యకు, వచ్చేటప్పుడు తీసుకురా. పోయినసారి రెండు పోగొట్టావని అమ్మ ఇప్పటికీ అంటోంది.

నాన్న