దత్తత బిడ్డల ఫోటోలు వేయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పేపరు మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా వేయించుకుంటున్నాం, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదలు. పోయిన వారం ఒక ఫోటో చూశాక ఊరుకోలేకపోయాను. ఏ పేపరన్నది అనవసరం, ఈ ఫోటో అందరూ వేసేదే. కలెక్టర్ గారి చేతుల్లోంచి ఒక జంట బిడ్డను అందుకుంటూ ఉంటారు, చుట్టూ నలుగురైదుగురు అధికారులు, బిడ్డ మాత్రం బిత్తరచూపులు చూస్తూ ఉంటుంది. కింద ఆ జంట పేర్లు, ఊరు, చేసే పని, బిడ్డ ఎక్కడ దొరికింది, అన్నీ పూసగుచ్చినట్టు ఉంటాయి.

2022 డిసెంబరులో అట్లాంటి ఫోటోలో మేమూ ఉన్నాం.

మాది అనంతపురం. 2019లో దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నాం. రెండేళ్ళు దాటిన పాపైనా పరవాలేదని పెట్టుకున్నాం కాబట్టి తొందరగా వస్తుందనుకున్నాం, రాలేదు. సోషల్ వర్కర్ ఇంటికి వచ్చి మా జీతాలు, జబ్బులు, మా అత్తగారి అభిప్రాయం కూడా రాసుకుని పోయింది. ఈలోగా "ఆసుపత్రిలో తెలిసినవాళ్ళున్నారు, మాట్లాడిపెడతాం" అని చెప్పినవాళ్ళు ముగ్గురు. బిడ్డను కొన్నా అమ్మినా ఐదేళ్ళ దాకా జైలని వాళ్ళకు తెలుసో లేదో మరి. చివరికి పోర్టల్‌లో ఒక పాప వివరాలు వచ్చినాయి, ఒప్పుకోవడానికి 48 గంటలు టైమిచ్చారు. మేము గంటలోనే సరే అన్నాం. వేరే జిల్లా శిశుగృహలో ఉన్న నాలుగేళ్ళ పాప.

దత్తత ఆర్డరు ఇంతకుముందు కోర్టు ఇచ్చేది, 2022 సెప్టెంబరు 1 నుంచి కలెక్టర్లు ఇస్తున్నారు. పని సులువయింది, కాదనను. కానీ కోర్టు హాల్లో ఫోటోగ్రాఫర్లు ఉండరు, కలెక్టరేట్‌లో ఉంటారు. ఆ రోజు పాప నా చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది. ఫోటో అతను "ఇటు చూడమ్మా, ఇటు చూడు" అని రెండుమూడు సార్లు పిలిచి, చూడకపోతే బిస్కెట్ ప్యాకెట్ చూపించాడు. అప్పుడు తిరిగింది. మేము కూడా పళ్ళికిలించుకుని నిలబడ్డాం. తప్పు మాది కూడా, దాచుకోవడమెందుకు.

మర్నాడు పేపర్లో హెడ్డింగు: "బస్టాండులో వదిలేసిన పాపకు బంగారు భవిష్యత్తు". కింద మా పేర్లు, అనంతపురం. అది ఆ జిల్లా ఎడిషనే అయినా ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టినారు, సాయంత్రానికి మా వీధి గ్రూపులోకి వచ్చేసింది. అందరూ దండాలు, పూలబొకేల బొమ్మలు పెడుతుంటే నేనూ థాంక్స్ చెప్పుకుంటూ కూర్చున్నా.

దత్తత సంగతి పాపకు మేము దాచలేదు. నువ్వు నా కడుపులో పుట్టలేదు, మేమే నిన్ను వెతుక్కుంటా రైలెక్కి వచ్చినాం అని రాత్రిళ్ళు కథలాగా చెప్పేవాళ్ళం. రైలు కిటికీ పక్కన ఎవరు కూర్చున్నారో కూడా తనే చెబుతుంది. బస్టాండు సంగతి మాత్రం ఇంకొంచెం పెద్దదయ్యాక చెబుదామనుకున్నాం. ఆ టైము మా చేతుల్లో లేకుండా పోయింది. ఇప్పుడు రెండో తరగతి. మొన్న వేసవి సెలవులకు ముందు క్లాసులో ఒక పిల్ల "నిన్ను కలెక్టర్ ఇచ్చినాడంట కదా, బస్టాండులో దొరికితే" అన్నదంట. ఆ పిల్లను ఏమనగలం, వాళ్ళమ్మ ఫోన్లో ఉన్నది చూసింది. తర్వాత ఒకరోజు తాడిపత్రి పోదామని బస్టాండుకు వెళ్ళాం. సిమెంటు బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "అమ్మా, ఈ బల్లేనా?" అని అడిగింది. ఆ బల్ల కాదు, ఆ ఊరే కాదు అని చెప్పినా. బస్సొచ్చేదాకా నిలబడే ఉంది.

తర్వాత చట్టం చూశాను. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల కేసుల గురించి రాసేటప్పుడు పేరు, అడ్రసు, స్కూలు, ఫోటో, గుర్తుపట్టగలిగే ఏ వివరమూ వేయకూడదు. వేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది చెబితే మాకు తెలిసిన ఒక విలేకరి, ఆర్డరు వచ్చేశాక ఆ పాప మీ బిడ్డే కదక్కా, ఇక చట్టమెందుకు వర్తిస్తుంది అన్నాడు. సరే నాయనా, మా బిడ్డే అయితే ఫోటో వేసేముందు మమ్మల్ని అడగాలి కదా? (దొరికిన బిడ్డ తాలూకు వాళ్ళెవరైనా ఉంటే రమ్మని అధికారులు ఫోటోతో ఇచ్చే ప్రకటన వేరు. అది తల్లిదండ్రుల్ని వెతకడానికి, దాన్ని కాదనడం లేదు.)

ఇంకొకటి. బిడ్డ దొరికిన రోజు మీరంతా "కసాయి తల్లి" అని రాస్తారు. రేపు నా కూతురు చదవడం బాగా వచ్చాక ఆ పాత పేపర్లన్నీ ఫోన్లో దొరుకుతాయి. ఆ కన్నతల్లి ఎవరో నాకు తెలియదు, ఏ కష్టంలో ఉండిందో తెలియదు, కానీ నా కూతురి ముక్కు, ఆ ఉంగరాల జుట్టు ఆమెవే అయి ఉంటాయి. తిట్టే బదులు, సాకలేని తల్లి బిడ్డను బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించవచ్చని, 60 రోజుల్లోపు మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చని, ఎవరికి చెప్పాలో తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చని అదే చోట నాలుగు లైన్లు వేయండి. మా అనంతపురంలో చదువుకున్నవాళ్ళకే ఈ సంగతి తెలియదు, కూలికి పోయే ఆడపిల్లకు ఎట్లా తెలుస్తుంది?

దత్తత వార్తలు రాయొద్దని అనడం లేదు, రాయండి, చదివి ఇంకో పది మంది ముందుకు వస్తారు. కలెక్టర్ గారి ఫోటో కావాలంటే వేసుకోండి. బిడ్డ ముఖం, అమ్మానాన్నల పేర్లు, దొరికిన చోటు వద్దు. అధికారులు ఫోటోకు పిలిచినా "ముఖం కనపడకుండా వెనక నుంచి తీస్తాం సార్" అని మీ ఫోటోగ్రాఫర్లే చెప్పాలి.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు, వీధి వేయొద్దు. ఊరి పేరు చాలు.

ఇట్లు,
ఒక పాప వాళ్ళమ్మ,
అనంతపురం