స్వైప్ లెక్క ఓటీకి ఎందుకు పనికిరాదు?

సంపాదకుడు గారికి నమస్కారం,

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం కమర్షియల్ ఆఫీసుల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చినప్పుడు అందరూ ఆ 10 మీదే గొడవపడ్డారు. వారానికి 48 గంటలు దాటితే ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బులు) ఇవ్వాలని కూడా అందులోనే ఉంది, మరి మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ ఆఫీసుల్లో ఆ ఓటీ ముఖం చూసినోళ్లు ఎంతమంది?

అక్కడ ఎక్కువసేపు కూర్చోమని ఎవరూ నోటితో చెప్పరండీ. ఆరున్నరకి బ్యాగ్ సర్దితే "ఏంటమ్మా, ఇవాళ హాఫ్ డేనా" అని మేనేజర్ నవ్వుతూ అంటాడు, అంతే. పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది, టీమ్ లీడ్ లేవలేదని మనం లేవం, టీమంతా కూర్చునుంటే నేనెలా వెళ్తానని లీడ్ లేవడు, పక్క సీటు అబ్బాయి ఇష్టంగానే ఉన్నాడని మనం, మనం ఇష్టంగానే ఉన్నామని అతను, ఇలా ఒక్కరికీ ఇష్టం లేని పని అందరూ కలిసి చేస్తుంటారు. అమెరికా క్లయింట్ కాల్ ఉంటే రాత్రి కూర్చోవాల్సిందే, దాంతో పేచీ లేదు. డేకేర్ నుంచి పిల్లని తెచ్చుకోవాలని పని ముందే ముగించి వెళ్లిన అమ్మాయికి రేటింగ్ తగ్గుతుంది, మధ్యాహ్నమంతా క్యాంటీన్‌లో గడిపి రాత్రి తొమ్మిదిన్నరకి మెయిల్ కొట్టినాయన మాత్రం డెడికేటెడ్!

వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఇంకో నాటకం. ఆఫీసు చాట్ యాప్ టీమ్స్‌లో మనం పనిలో ఉన్నట్టు చూపించే పచ్చ చుక్క ఆరిపోకుండా మౌస్‌ని కదిలించే చిన్న మెషిన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కీబోర్డు నడుస్తున్నట్టు నటించారని 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు డజను మందికి పైగా తీసేసింది. తప్పే, కాదనను, కానీ కూర్చున్న టైమ్‌నే పని అంటే జనం కూర్చోవడమే నేర్చుకుంటారు.

వారానికి 70 గంటలు పని చేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారన్నారు, ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90 అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్ ఆయుధ ఫ్యాక్టరీల లెక్కలు తిరగేసి స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ పెన్కావెల్ 2014లో తేల్చిందేంటంటే, వారానికి 70 గంటలు చేసినా 56 గంటలు చేసినా తయారైన సరుకులో పెద్ద తేడా లేదు. వారానికి 55 గంటలు దాటితే పక్షవాతం రిస్క్ 35 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) కలిసి చెప్పాయి కూడా.

కంపెనీల దగ్గర లెక్క లేక కాదు. వారానికి మూడ్రోజులు ఆఫీసుకొచ్చామా లేదా అని గేటు స్వైప్ డేటా నిమిషాలతో సహా తీస్తారు, ఒక పూట తగ్గితే మెయిల్ వచ్చేస్తుంది. మరి 48 దాటిన గంటలు లెక్కెయ్యడానికి అదే డేటా పనికిరాదా? మూడు నెలల్లో ఓటీ 144 గంటలు దాటకూడదని జీవోలో లిమిట్ పెట్టారు, రికార్డు చూడకుండా అది దాటిందో లేదో ఎలా తెలుస్తుంది? కార్మిక శాఖే మూడు నెలలకోసారి ఆ డేటా తెప్పించుకుని చూడాలి. ఉద్యోగి కంప్లైంట్ ఇస్తే చూస్తాం అంటే ఎవ్వరూ ఇవ్వరు, ఈ లేఆఫ్‌ల టైమ్‌లో ఆ ధైర్యం ఎవరికుంది. దయచేసి నా పేరు కూడా వేయకండి.

– ఒక ఐటీ ఉద్యోగి, కొండాపూర్, హైదరాబాద్